పలుచని గాలిలో పరుగు

వాహనానికి ఆహారమేది అని ప్రశ్నిస్తే పెట్రోలనో డీజిలనో ఎవరైనా తడుముకోకుండా సమాధానం చెబుతారు. ఆ సమాధానంలో సగమే నిజముంది. ఇంజను స్వీకరించే పదార్థాలలో వెల పెట్టి కొనేది ఒకటి, వెల లేకుండా లభించేది మరొకటి. ఆ రెండవదే గాలి. ఒక లీటరు పెట్రోలు సంపూర్ణంగా దహనం కావడానికి సుమారు 11 కిలోల గాలి కావాలి. సముద్రమట్టం వద్ద అంత గాలి దాదాపు 9,000 లీటర్ల చోటును ఆక్రమిస్తుంది. ట్రాక్టరు వెనుక కట్టే పెద్ద నీళ్ల ట్యాంకర్లు రెండు ఉంటే గాని అంత గాలి పట్టదు. ఖర్చు లేకుండా దొరుకుతున్నది కనుక లోకం దానిని లెక్కలోకి తీసుకోదు. కాని ఇంజను మాత్రం ప్రతి క్షణమూ ఆ లెక్క చూసుకుంటూనే ఉంటుంది. గాలి తగ్గితే దాని బలం తగ్గుతుంది. క్షణంలో వెయ్యవ వంతుతో గెలుపోటములు తేలే డ్రాగ్ పందెంలో ఆ తగ్గుదల అందరి కళ్లకూ కనిపిస్తుంది.

గాలికి బరువు ఉన్నదని మానవుడు తెలుసుకొని నాలుగు వందల సంవత్సరాలైనా కాలేదు. ఇటలీ శాస్త్రజ్ఞుడు టోరిసెల్లి 1643లో పాదరసం నింపిన గాజు గొట్టంతో వాతావరణ పీడనాన్ని కొలిచి చూపాడు. గాలికి బరువే ఉంటే, ఎత్తైన చోట నెత్తిమీద ఉండే గాలి తక్కువ కనుక పీడనం కూడా తగ్గాలని ఫ్రాన్సు దేశపు మేధావి పాస్కల్ ఊహించాడు. ఆయన కోరికపై ఆయన బావ పెరియే 1648 సెప్టెంబరులో ఒక గాజు గొట్టాన్ని పుయ్ ద డోమ్ పర్వతం మీదికి మోసుకొని వెళ్లాడు. మరొక గొట్టాన్ని పర్వతం దిగువన ఉంచి కనిపెట్టి చూడమని ఒక మతాచార్యునికి అప్పగించాడు. దిగువనున్న గొట్టంలో పాదరసం కదలలేదు. సుమారు వెయ్యి మీటర్లు పైకి ఎక్కిన గొట్టంలో మాత్రం అది దాదాపు మూడు అంగుళాలు దిగింది. ఎత్తుకు పోయినకొద్దీ గాలి పలుచబడుతుందన్న సత్యం ఆనాడు రుజువైంది.

ఈ సత్యాన్ని అర్థం చేసుకోవడానికి ఫ్రాన్సు పర్వతాల వరకు పోనవసరం లేదు. సిద్దిపేట నుంచే దీనిని గమనించవచ్చు. దక్కను పీఠభూమిపై సముద్రమట్టానికి సుమారు 500 మీటర్ల ఎత్తున ఉన్న పట్టణం సిద్దిపేట. ఎత్తు అనే మాటకు అర్థమేమిటో ఆ ప్రాంతపు ప్రజలకు ఒకరు చెప్పవలసిన పని లేదు. కాళేశ్వరం ఎత్తిపోతల పథకాన్ని రూపొందించినప్పుడు గోదావరి నీటిని మేడిగడ్డ వద్ద 100 మీటర్ల మట్టం నుంచి అంచెలంచెలుగా పైకి చేర్చాలని సంకల్పించారు. ఆ దారిలో సిద్దిపేట చెంతనున్న రంగనాయక సాగర్ పూర్తి నీటిమట్టం 490 మీటర్లు. కొండపోచమ్మ సాగర్ మట్టం 618 మీటర్లు. నీరు తనంత తాను పల్లానికి పారుతుంది. దానిని ఎత్తుకు చేర్చాలంటే పంపు కావాలి, పంపు తిరగడానికి విద్యుత్తు కావాలి. ఎత్తుకు పోయినచోట ప్రకృతి ఇవ్వనిదానిని యంత్రం తెచ్చి ఇవ్వగలదు గాని, అందుకు తగిన మూల్యం తీసుకుంటుంది. గాలి విషయంలోనూ ఇదే న్యాయం వర్తిస్తుంది.

సముద్రతీరాన ఉన్న విశాఖపట్నంలో పాదరసం సుమారు 760 మిల్లీమీటర్ల మట్టంలో నిలుస్తుంది. 500 మీటర్ల ఎత్తున అది 716 మిల్లీమీటర్లకు దిగుతుంది. అంటే పీడనంలో సుమారు 6 శాతం తరుగు. హిమాలయాలలో లద్దాఖ్‌లోని ఉమ్లింగ్ లా కనుమ మీద 5,798 మీటర్ల ఎత్తున వాహనాలు పోయే రోడ్డు ఉన్నది. అక్కడ పీడనం సముద్రమట్టంలో సగానికన్నా తక్కువ. మోటారు సైకిళ్లపై లద్దాఖ్ యాత్రకు వెళ్లే యువకులు తమ బండి ఎగువకు పోనుపోను నీరసించడాన్ని స్వయంగా చూస్తారు. అక్కడ బండి చెడిపోలేదు, దానికి ఊపిరి చాలలేదు.

సాధారణ ఇంజను గాలిని పీల్చుకునే తీరును పరిశీలిస్తే ఈ నీరసానికి కారణం బోధపడుతుంది. సిలిండరులో పిస్టన్ కిందికి దిగినప్పుడు లోపల ఖాళీ ఏర్పడుతుంది. వెలుపలి వాతావరణ పీడనం గాలిని ఆ ఖాళీలోకి నెడుతుంది. ఇంజను గాలిని పీల్చుకుంటుందని అనడం వాడుక. నిజానికి వాతావరణమే గాలిని దానిలోకి తోస్తుంది. సిలిండరు పరిమాణం మారదు. కనుక ప్రతిసారీ లోపలికి చేరే గాలి ఘనపరిమాణం కూడా దాదాపు మారదు. మారేది ఆ గాలి సాంద్రత. పలుచని గాలితో నిండిన సిలిండరులో ఆక్సిజన్ తక్కువ. ఆక్సిజన్ తక్కువైనచోట ఇంధనం ఎంత పోసినా ప్రయోజనం లేదు. అది కాలక నల్లని పొగగా వెళ్లిపోతుంది. అందువల్ల గాలి ఎంత తగ్గితే ఇంజను శక్తి ఇంచుమించు అంత తగ్గుతుంది.

ఈ తరుగును తూచి చూపే తక్కెడ వంటిది డ్రాగ్ స్ట్రిప్. అది తిన్నగా, మలుపులు లేకుండా వేసిన పందెపు బాట. దాని ప్రామాణిక దూరం పావు మైలు, అంటే 402 మీటర్లు. రెండు వాహనాలు పక్కపక్కన నిశ్చలంగా నిలిచి, పచ్చదీపం వెలగగానే ఒక్కసారిగా దూసుకుపోతాయి. గమ్యం చేరడానికి పట్టిన కాలాన్ని, గమ్యం వద్ద అందుకున్న వేగాన్ని యంత్రాలు కొలుస్తాయి. ఈ పందెంలో కాలానికి, ఇంజను శక్తికి మధ్య ఒక చక్కని సంబంధం ఉన్నది. శక్తి ఎనిమిది రెట్లు పెరిగితే కాలం సగానికి తగ్గుతుంది. గణిత పరిభాషలో చెప్పాలంటే కాలం శక్తి ఘనమూలానికి విలోమానుపాతంలో ఉంటుంది. కనుక శక్తిలో కలిగే పెద్ద తరుగు కూడా కాలంలో చిన్న తేడాగానే కనబడుతుంది. కాని పందెపు బాట మీద ఆ చిన్న తేడాయే సర్వస్వం.

అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో డెన్వర్ నగర సమీపాన మోరిసన్ వద్ద బాండిమీర్ స్పీడ్‌వే అనే పందెపు బాట ఉండేది. 1958లో ప్రారంభమై 2023 వరకు పోటీలు నిర్వహించిన ఆ బాట సముద్రమట్టానికి సుమారు 5,800 అడుగుల ఎత్తున, అంటే 1,770 మీటర్ల ప్రాంతంలో ఉండేది. ఆ ఎత్తున పీడనం సుమారు 19 శాతం తక్కువ. సముద్రతీరంలో పావు మైలును 12 సెకన్లలో ముగించే సాధారణ ఇంజను కారు అక్కడ తన శక్తిలో దాదాపు 18 శాతం కోల్పోయిందనుకుంటే, పై సూత్రం ప్రకారం దానికి 12.8 సెకన్లు పడుతుంది. డ్రాగ్ పందెంలో 0.8 సెకను అనేది అనేక కారు నిడివుల దూరం. కారు అదే, చోదకుడు అతడే, ఇంధనం అదే. మారినది గాలి ఒక్కటే.

ప్రకృతి విధించిన ఈ పరిమితిని దాటడానికి మానవుడు చేసిన ప్రయత్న ఫలితమే టర్బోచార్జర్. స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బ్యూకి 1905లో ఇటువంటి అమరికకు పేటెంటు పొందాడు. ఇంజను నుంచి వెలువడే పొగలో వేడి ఉన్నది, వేగం ఉన్నది. ఆ శక్తి అంతా గాలిలో కలిసి వృథా అవుతున్నది. ఆ పొగ దారిలో రెక్కల చక్రమొకటి అమర్చితే అది గిరగిర తిరుగుతుంది. అదే టర్బైన్. దాని ఇరుసు మరొక కొసకు రెండవ చక్రాన్ని బిగిస్తే అది వెలుపలి గాలిని లాగి, అదిమి, ఇంజనులోకి తోస్తుంది. అది కంప్రెసర్. కారులోని చిన్న టర్బో చక్రం నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరగగలదు. వాతావరణం తోసినంత గాలితో తృప్తిపడవలసిన అవసరం అప్పటి నుంచి ఇంజనుకు తప్పింది.

టర్బోచార్జర్ తన విలువను తొలిసారి చాటుకున్నది రోడ్డు మీద కాదు, కొండ శిఖరం మీద. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో విమానాలు పైకి ఎగిరినకొద్దీ వాటి ఇంజన్లు బలహీనపడేవి. శత్రు విమానానికన్నా ఎత్తున ఎగరగలవాడికి ప్రాణరక్షణ, విజయం రెండూ దక్కే రోజులవి. 1918లో అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ సంస్థకు చెందిన ఇంజనీరు శాన్‌ఫోర్డ్ మాస్ లిబర్టీ అనే విమానపు ఇంజనును కొలరాడోలోని పైక్స్ పీక్ పర్వత శిఖరానికి చేర్చి, 14,000 అడుగుల ఎత్తున పరీక్షించాడు. సముద్రమట్టం వద్ద 350 అశ్వశక్తి గల ఆ ఇంజను శిఖరం మీద టర్బో లేకుండా 230 అశ్వశక్తిని మాత్రమే ఇచ్చింది. టర్బో తోడైనప్పుడు 356 అశ్వశక్తిని ఇచ్చింది. పర్వతం తీసుకున్నదంతా టర్బో తిరిగి తెచ్చింది. రెండేళ్ల తరువాత, 1920 ఫిబ్రవరిలో, టర్బో అమర్చిన విమానంలో మేజర్ ష్రోడర్ 33,000 అడుగులకు పైగా ఎగిరాడు. కార్లకు ఈ పరికరం చేరడానికి మరి నాలుగు దశాబ్దాలు పట్టింది. 1962లో అమెరికాలో ఓల్డ్స్‌మొబీల్ జెట్‌ఫైర్, షెవ్రొలే కోర్వెయిర్ కార్లు టర్బోతో విపణిలోకి వచ్చాయి. నేడు తెలుగునాట రోడ్ల మీద తిరిగే లారీలలోను, అనేక డీజిల్, పెట్రోలు కార్లలోను టర్బో సర్వసాధారణమైపోయింది.

పైక్స్ పీక్ పరీక్షను బట్టి టర్బో ఉన్న కారుకు ఎత్తుతో నిమిత్తమే లేదని భావించడం తొందరపాటు అవుతుంది. టర్బో పోగొట్టుకున్న గాలిని తిరిగి తెస్తుంది, కాని ఊరకనే తేదు.

ఇందుకు చిన్న లెక్క ఒకటి చూడవచ్చు. సముద్రమట్టం వద్ద వాతావరణ పీడనాన్ని 1 అనుకుందాం. ఒక కారు టర్బో ఆ గాలిని అదిమి 2గా మార్చి ఇంజనుకు ఇస్తున్నది. అంటే కంప్రెసర్ గాలిని రెండింతలు అదుముతున్నది. అదే కారును బాండిమీర్ వంటి ఎత్తుకు చేరిస్తే వెలుపలి పీడనం 0.81 మాత్రమే. అక్కడ కూడా ఇంజనుకు 2 అందాలంటే కంప్రెసర్ గాలిని దాదాపు రెండున్నర రెట్లు అదమాలి. అందుకు చక్రం మరింత వేగంగా తిరగాలి. చక్రం వేగానికి ఒక హద్దు ఉన్నది. ఆ హద్దు దాటితే రెక్కలు విరిగిపోతాయి, బేరింగులు కాలిపోతాయి. కింద సగం శ్రమతో పని చేసే పెద్ద టర్బో పైన కూడా నిలదొక్కుకుంటుంది. కిందనే తన శక్తినంతా ధారపోస్తున్న చిన్న టర్బో పైన చేతులెత్తేస్తుంది.

టర్బోను అదుపు చేసే పద్ధతిని బట్టి కూడా ఫలితం మారుతుంది. పీడనం హద్దు మీరకుండా కొంత పొగను పక్కదారి పట్టించే తలుపును వేస్ట్‌గేట్ అంటారు. పాత పద్ధతిలో స్ప్రింగు బలం మీద పని చేసే వేస్ట్‌గేట్ వెలుపలి గాలికన్నా ఎంత ఎక్కువ పీడనం ఉన్నదో మాత్రమే చూస్తుంది. వెలుపల 1 ఉన్నచోట దానికి మరో 1 చేర్చి 2 ఇస్తుంది. వెలుపల 0.81 ఉన్నచోట కూడా 1 చేర్చి 1.81 దగ్గర ఆగిపోతుంది. సాధారణ ఇంజను 19 శాతం గాలిని పోగొట్టుకున్నచోట ఇది సుమారు 10 శాతం పోగొట్టుకుంటుంది. నష్టం సగానికి తగ్గింది గాని పూర్తిగా తొలగలేదు. నేటి కార్లలో కంప్యూటరు మొత్తం పీడనాన్ని కొలిచి, ఎత్తుకు తగినట్లు వేస్ట్‌గేట్‌ను మూసి, 2 నిండేదాకా టర్బోను తిప్పుతుంది. అటువంటి కారు ఓ మోస్తరు ఎత్తుల వరకు తన శక్తిని దాదాపు అలాగే నిలుపుకోగలదు.

ఆ నిలుపుకోవడానికి చెల్లించవలసిన మూల్యం వేడి. సైకిలుకు గాలి కొట్టేటప్పుడు పంపు గొట్టం వేడెక్కడం చిన్నపిల్లలకు కూడా అనుభవమే. బోరుబావులు తవ్వే బండి మీది కంప్రెసర్ దగ్గర నిలబడినవారికి ఆ వేడి మరింత బాగా తెలుసు. గాలిని ఎంత అదిమితే అంత వేడెక్కుతుంది. 27 డిగ్రీల గాలిని రెండింతలు అదిమినప్పుడు అది సుమారు 120 డిగ్రీలకు చేరుతుంది. అదే గాలిని దాదాపు రెండున్నర రెట్లు అదిమినప్పుడు 150 డిగ్రీలు దాటుతుంది. వేడి గాలి వ్యాకోచిస్తుంది కనుక అదిమి సంపాదించిన సాంద్రతలో కొంత భాగం మళ్లీ చేజారుతుంది. అంతేకాక, సిలిండరులోని మిశ్రమం అకాలంలో తనంత తాను పేలి నాకింగ్ అనే దోషం ఏర్పడుతుంది. ఈ వేడిని తగ్గించడానికి టర్బోకు, ఇంజనుకు మధ్య ఇంటర్‌కూలర్ అనే చల్లబరిచే పరికరాన్ని ఉంచుతారు. రేడియేటరు నీటిని చల్లబరిచినట్లే అది గాలిని చల్లబరుస్తుంది. అయితే అది చల్లబరిచేది కూడా వెలుపలి గాలితోనే. ఎత్తైన చోట ఆ వెలుపలి గాలి పలుచగా ఉంటుంది కనుక ఇంటర్‌కూలర్‌కు పని పెరిగి, బలం తరుగుతుంది.

డ్రాగ్ పందెంలో మరొక చిక్కు ఉన్నది. టర్బో తిరగాలంటే పొగ కావాలి, పొగ రావాలంటే ఇంజను బలంగా పని చేయాలి, ఇంజను బలంగా పని చేయాలంటే టర్బో తిరగాలి. పందెం ఆరంభంలో కారు నిలిచి ఉన్నప్పుడు ఈ మూడింటిలో ఏదీ సిద్ధంగా ఉండదు. చోదకుడు యాక్సిలరేటరు తొక్కిన తరువాత టర్బో అందుకోవడానికి పట్టే ఈ వ్యవధిని టర్బో జాప్యం అంటారు. ఆ కొద్ది క్షణాలపాటు టర్బో కారు కూడా సాధారణ ఇంజను కారు వంటిదే. పైగా టర్బో కోసం రూపొందించిన ఇంజనులో మిశ్రమాన్ని పిస్టన్ అదిమే నిష్పత్తి సాధారణంగా తక్కువగా ఉంటుంది. కనుక టర్బో అందుకోక ముందు అది మరింత మందకొడిగా ఉంటుంది. సముద్రతీరంలో ఈ జాప్యం కొంతే. పలుచని గాలిలో ఆరంభపు పొగ తక్కువ, చక్రం అందుకోవలసిన వేగం ఎక్కువ. ఫలితంగా జాప్యం పెరుగుతుంది.

అందువల్లనే ఎత్తైన పందెపు బాటల మీద టర్బో కార్ల ఫలితాలలో ఒక విచిత్రం గోచరిస్తుంది. గమ్యం వద్ద అవి అందుకునే వేగం సముద్రతీరపు వేగానికి దగ్గరగానే ఉంటుంది. పట్టిన మొత్తం కాలం మాత్రం పెరుగుతుంది. పోయిన కాలంలో అధిక భాగం మొదటి 60 అడుగులలోనే, అంటే 18 మీటర్లలోనే పోతుంది. ఈ లోపాన్ని పూరించడానికి చోదకులు కారును బ్రేకు మీద నిలిపి, ఇంజను వేగాన్ని ముందుగానే పెంచి, టర్బోను తిప్పి ఉంచి, దీపం వెలగగానే బ్రేకు వదులుతారు. కొన్ని కార్లలో ఈ పనిని కంప్యూటరే చేస్తుంది.

పలుచని గాలి అన్నివిధాలా శత్రువు కాదు. వేగంగా పోయే కారుకు ఎదురయ్యే గాలి నిరోధం సాంద్రతను అనుసరించి ఉంటుంది. గాలి పలుచబడితే నిరోధం తగ్గుతుంది. సాధారణ ఇంజనుకు ఈ లాభం కోల్పోయిన శక్తి ముందు స్వల్పం. శక్తిని నిలుపుకున్న టర్బో కారుకు మాత్రం ఇది నికరమైన లాభం. మెక్సికో నగరంలో 2,200 మీటర్లకు పైబడిన ఎత్తున జరిగే ఫార్ములా వన్ పందెంలో టర్బో కార్లు తిన్నని దారిలో అత్యధిక వేగాలను నమోదు చేస్తాయి. 2016లో అక్కడ ఒక కారు గంటకు 370 కిలోమీటర్లు దాటింది. అయితే వేగం అందుకోవడానికి తోడ్పడిన పలుచదనమే ఆగేటప్పుడు అడ్డు తగులుతుంది. డ్రాగ్ కార్లు ఆగడానికి వెనుక విప్పే పారాచూట్ గాలిని పట్టుకొనే పని చేస్తుంది. గాలి పలుచగా ఉంటే దాని పట్టు సడలుతుంది.

ఇంతవరకు చెప్పినదంతా భూమి ఎత్తు గురించి. సాంద్రతను తగ్గించే శక్తి ఎత్తుకే కాదు, వేడికి కూడా ఉన్నది. ఇక్కడనే సిద్దిపేట వంటి పట్టణం కథ కొత్త మలుపు తిరుగుతుంది. ప్రామాణిక లెక్కల ప్రకారం సముద్రమట్టం వద్ద 15 డిగ్రీల ఉష్ణోగ్రతలో ఒక ఘనపు మీటరు గాలి 1.225 కిలోలు తూగుతుంది. సిద్దిపేట ఎత్తున జనవరి తెల్లవారుజామున 12 డిగ్రీల చలిలో అది సుమారు 1.17 కిలోలు తూగుతుంది. తరుగు 5 శాతమే. అదే చోట మే నెల మధ్యాహ్నం 43 డిగ్రీల ఎండలో ఆ గాలి 1.05 కిలోలకు పడిపోతుంది. తరుగు 14 శాతం. ప్రామాణిక వాతావరణంలో అంత పలుచని గాలి సుమారు 1,500 మీటర్ల ఎత్తున గాని ఉండదు. అనగా మే నెల మధ్యాహ్నం సిద్దిపేటలోని కారు, గడప దాటకుండానే, మరో వెయ్యి మీటర్ల కొండ ఎక్కినట్లు భావించవచ్చు. డెన్వర్ సమీపపు పందెపు బాటకు, సిద్దిపేట ఎండకు గాలి విషయంలో పెద్ద తేడా లేదు. విమాన చోదకులు, పందెపు నిపుణులు దీనిని సాంద్రత ఎత్తు అని వ్యవహరిస్తారు. భూమి ఎత్తు మారదు. సాంద్రత ఎత్తు పూటపూటకూ మారుతుంది. తేమ పెరిగితే కూడా అది కొంత పెరుగుతుంది. ఎందుకంటే నీటి ఆవిరి పొడి గాలికన్నా తేలిక, పైగా అది ఆక్సిజన్ చోటును ఆక్రమిస్తుంది.

జనవరి వేకువలో పావు మైలును 14 సెకన్లలో ముగించిన సాధారణ కారుకు మే మధ్యాహ్నం దాదాపు అర సెకను అదనంగా పడుతుంది. మరి టర్బో కారు మాటేమిటి? ఎత్తు వల్ల కలిగిన తరుగును అది సులభంగానే పూడ్చుకోగలదు. ఎందుకంటే అది పీడనపు కొరత, పీడనం పెంచడమే టర్బో పని. వేడి వల్ల కలిగిన తరుగు అటువంటిది కాదు. 43 డిగ్రీల గాలిని అదిమితే అది 150 డిగ్రీలకు చేరుతుంది. ఇంటర్‌కూలర్ దానిని చల్లబరచబోతే ఎదురుగా వచ్చేది కూడా 43 డిగ్రీల వడగాలే. నాకింగ్ రాకుండా కంప్యూటరు నిప్పురవ్వ పుట్టే క్షణాన్ని వెనక్కు జరుపుతుంది. శక్తి తగ్గుతుంది. ఎత్తు తీసుకున్నదానిని టర్బో తిరిగి తెస్తుంది, ఎండ తీసుకున్నదానిని పూర్తిగా తేలేదు. దక్కను పీఠభూమి మీద టర్బో కారుకు కొండకన్నా ఎండే గట్టి ప్రత్యర్థి.

ఈ జ్ఞానం పందెంలో న్యాయానికి ఆధారం. సముద్రతీరంలో పరుగెత్తిన కారును, కొండమీద పరుగెత్తిన కారును ఒకే కాలంతో తూచడం ధర్మం కాదు. అందుకే అమెరికాలో డ్రాగ్ పందేలను నిర్వహించే ఎన్.హెచ్.ఆర్.ఎ. సంస్థ ఎత్తైన బాటలకు సవరణ గుణకాలను నిర్ణయించింది. అయితే సాధారణ ఇంజను కోల్పోయినంతగా టర్బో ఇంజను కోల్పోదు. రెండింటికీ ఒకే గుణకం వర్తింపజేస్తే టర్బో కారు తాను పడని కష్టానికి పరిహారం పొందుతుంది. కొలత న్యాయంగా ఉండాలంటే కొలిచేవాడు యంత్రం స్వభావాన్ని కూడా ఎరిగి ఉండాలి.

ఈ జ్ఞానం లేకపోవడం వల్ల కలిగే నష్టం కూడా తక్కువది కాదు. వేసవిలో కారు మందగించిందని భావించిన యజమాని, దోషం గాలిలో ఉన్నదని ఎరుగక, టర్బో పీడనాన్ని పెంచేలా కంప్యూటరు లెక్కలను మార్పించుకుంటాడు. అప్పటికే హద్దు దగ్గర తిరుగుతున్న చక్రం హద్దు దాటుతుంది. అప్పటికే వేడెక్కిన గాలి మరింత వేడెక్కుతుంది. చివరకు పిస్టన్ కరిగిపోవడమో, టర్బో విరిగిపోవడమో జరుగుతుంది. వేల రూపాయల తప్పు లెక్కకు లక్షల రూపాయల మరమ్మతు చెల్లించవలసి వస్తుంది.

అంతకన్నా పెద్ద మూల్యం ప్రాణం. హైదరాబాదు నుంచి సిద్దిపేట మీదుగా కరీంనగరం వైపు సాగే రాజీవ్ రహదారి వంటి రోడ్లు తిన్నగా, విశాలంగా ఉంటాయి. అవి పందెపు బాటలు కావు. వాటి మీద ట్రాక్టర్లు నడుస్తాయి, పశువులు దాటుతాయి, పిల్లలు బడికి పోతారు. బహిరంగ రోడ్ల మీద వేగపు పోటీలను మోటారు వాహనాల చట్టంలోని 189వ సెక్షన్ నేరంగా పరిగణిస్తుంది. 2019 సవరణ ఆ శిక్షను మరింత కఠినం చేసింది. రక్షణ గోడలు, అగ్నిమాపక సిబ్బంది, వైద్యులు అందుబాటులో ఉండే అధికారిక బాటల మీద కూడా ప్రమాదం తప్పదు. 2008 జూన్‌లో అమెరికాలో స్కాట్ కాలిటా అనే ప్రసిద్ధ చోదకుడు అర్హత పరుగులో కన్నుమూశాడు. ఆ తరువాత అత్యంత వేగవంతమైన తరగతుల పందెపు దూరాన్ని 1,320 అడుగుల నుంచి 1,000 అడుగులకు కుదించారు. వేగాన్ని వృత్తిగా స్వీకరించినవారే హద్దు గీసుకున్నప్పుడు, హద్దులేని వేగం ఎవరికీ శోభనివ్వదు.

విజ్ఞానం ఈ సమస్యకు మరొక దిక్కు నుంచి కూడా సమాధానం చెప్పింది. లిబర్టీ ఇంజనుకు పరీక్షాస్థలమైన పైక్స్ పీక్ పర్వతం మీద 1916 నుంచి కార్ల పందెం జరుగుతున్నది. దాదాపు 20 కిలోమీటర్ల ఆ దారి 2,862 మీటర్ల ఎత్తున మొదలై 4,302 మీటర్ల శిఖరం వద్ద ముగుస్తుంది. 2013లో సెబాస్టియన్ లోబ్ టర్బో అమర్చిన ప్యూజో కారులో 8 నిమిషాల 13.878 సెకన్లలో శిఖరం చేరాడు. 2018లో రొమేన్ డ్యూమా వోక్స్‌వాగన్ సంస్థ తయారుచేసిన విద్యుత్ కారులో 7 నిమిషాల 57.148 సెకన్లలో చేరి, ఎనిమిది నిమిషాల లోపల ఆ కొండ ఎక్కిన తొలి చోదకుడయ్యాడు. విద్యుత్ మోటారుకు దహనం లేదు, కనుక దానికి ఊపిరి అక్కరలేదు. గాలి పలుచబడినా దాని బలం తరగదు, జాప్యమూ లేదు. ఇటువంటి విద్యుత్ కార్ల పందెం ఫార్ములా ఇ పేరుతో 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్ సాగర్ తీరాన జరిగింది. భారతదేశంలో జరిగిన తొలి ఫార్ములా ఇ పందెం అదే. ఫ్రాన్సుకు చెందిన జాన్ ఎరిక్ వెర్న్ దానిలో విజేతగా నిలిచాడు.

అంతమాత్రాన విద్యుత్ కారు ప్రకృతిని పూర్తిగా దాటిపోయిందని చెప్పడానికి వీలులేదు. దాని బ్యాటరీ కూడా వేడెక్కుతుంది, ఆ వేడిని మోసుకుపోవడానికి దానికీ గాలి సాయం కావాలి. యంత్రం ఏదైనా అది పరుగెత్తేది వాతావరణ సముద్రం అడుగుననే. గోదావరి నీటిని ఎత్తుకు చేర్చే పంపు తాను వాడుకునే విద్యుత్తును లెక్క చెప్పినట్లే, పలుచని గాలిని చిక్కబరిచే టర్బో తాను పుట్టించే వేడిని లెక్క చెబుతుంది. ఆ లెక్కను చదవగలిగినవాడు యంత్రాన్ని దాని హద్దులలో నిలిపి, దాని నుంచి పూర్తి ఫలం పొందుతాడు. చదవలేనివాడు కంటికి కనబడని గాలి చేసిన పనికి యంత్రాన్ని నిందిస్తాడు.